మూడో స్తంభం

ఆ ఏడు ఎండలు ముదిరేనాటికి గురునాథం చేతిలో ఉన్న పెట్టుబడి మూడు రకాలు. నల్లరాయి తవ్వి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటి, దాన్నిండా నీళ్ళు. ఆ నీళ్ళు తోడే మోటార్లూ గొట్టాలూ రెండోది. గుంతకు అటొకటీ ఇటొకటీ ఉన్న రెండు ఊళ్ళ మధ్య పగ మూడోది. నీళ్ళను ఎండ తింటుంది, మోటారును తుప్పు తింటుంది, పగకు మాత్రం తరుగు లేదని అతని లెక్క. ఊళ్ళు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోనంత కాలం, రెంటితోనూ మాట్లాడే మనిషికి గిరాకీ తగ్గదు.

అది రెండువేల ఎనభై ఒకటో సంవత్సరం. ఒంగోలుకు పడమర రాతినేలలో తవ్వకాలు ఆగిపోయి అప్పటికి ఒక తరం దాటింది. రాయి పోయినచోట గుంతలు మిగిలాయి. గుంతల్లో వాననీరు మిగిలింది. బోర్లన్నీ ఉప్పుతేలాక ఊళ్ళకు ఆ నీరే దిక్కయింది. ప్రభుత్వం గుంతలను కౌలుకిచ్చినప్పుడు అన్నిటికంటే లోతైన పెద్దగుంత గురునాథం దక్కించుకున్నాడు. తూర్పుగట్టు ఊరివాళ్ళు ఒకరోజు, పడమటిగట్టు ఊరివాళ్ళు మర్నాడు, వంతు ప్రకారం అతని దగ్గర నీళ్ళు కొని పట్టుకుపోయేవాళ్ళు. అమావాస్య నాడు మాత్రం ఎవరూ గుంత దగ్గరికి వచ్చేవాళ్ళు కారు. అమావాస్యకు ఎద్దుల మెడమీద కాడి పెట్టని అలవాటు వాళ్ళ ముత్తాతలది. ఎద్దులు పోయినా అలవాటు పోలేదు, వచ్చి గుంతకు అంటుకుంది. ఆ రోజు గుంతకు సెలవు.

పగ ఎలా మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. రాళ్ళ లారీల్లో ఎవరిది ముందు కదలాలన్న తగాదా అంటారు కొందరు. తొమ్మిదేళ్ళుగా ఈ గట్టు మనిషి ఆ గట్టు మనిషిని పేరుపెట్టి పిలిచింది లేదు.

గురునాథం తూర్పుగట్టుకు వెళితే, “మీకు నాలుగు బిందెలు ఎక్కువే వదులుతున్నా, అవతలోళ్ళకు తెలియనీబాకండి” అనేవాడు. పడమటిగట్టుకు వెళ్ళి అదే మాట అదే గొంతుతో అనేవాడు. ఇద్దరూ తృప్తిగా నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. ఇద్దరికీ ఎక్కువ వచ్చే పంపకం ఏ లెక్కలోనూ లేదు, గురునాథం నోట్లో తప్ప.

అలా సాగుతున్న వ్యాపారం మీదికి ప్రభుత్వం ఒక గోడను పంపింది.

పట్నాల్లో అప్పటికే తేటబొమ్మ లేనిదే ఏ పనీ జరగడం లేదు. మందుల షాపు ముందు నిలబడితే ఏ మాత్ర ఎప్పుడు మింగాలో రోగి కళ్ళముందు బొమ్మ కట్టేది. బస్సెక్కితే దారిలో ఎక్కడ వరద ఉందో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఒక్క చూపులో తెలిసిపోయేది. పాతకాలపు ఇన్ఫోగ్రాఫిక్ అందరికీ ఒక్కటే. గీసేవాడు తనకు తోచినట్టు గీసి అంటించేవాడు, చూసేవాడికి అర్థమైతే అయింది, లేకపోతే లేదు. తేటబొమ్మ అలా కాదు. ఆ రోజుల్లో చంటిపిల్లలకు కూడా కంటికి తొడిగే పలచటి తెర, కంటిపొర, ఉండేది. ఆ పొర పెట్టుకున్న మనిషి గోడవైపు చూడగానే అతని చూపు ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిపోయిందో, కంటిపాప ఎప్పుడు విచ్చుకుందో యంత్రం కనిపెడుతుంది. అర్థం కాలేదని తోస్తే బొమ్మ మారుస్తుంది. మళ్ళీ చూస్తుంది, మళ్ళీ మారుస్తుంది. అర్థమయ్యేదాకా వదలదు. గోడ ఒక్కటే. వెయ్యిమంది చూస్తే వెయ్యి బొమ్మలు. వెనక ఉన్న అంకె మాత్రం అందరికీ ఒక్కటే.

ఆ గోడను గుంత ఒడ్డున పెట్టించడానికి వచ్చిన శాస్త్రవేత్త పేరు వకుళ. గోడ వెనక ఆలోచించే యంత్రానికి ఆమె పెట్టిన పేరు విశద. మోటారు షెడ్డు నీడలో నిలబడి గురునాథం ఆమె పనివాళ్ళను చూస్తూ ఉన్నాడు. కూర్చోమని అనలేదు.

“ఇంత గోడ దేనికమ్మా? చెప్పాల్సిందేదో కాగితం మీద రాసి అంటిస్తే సరిపోదా?”

“నాలుగేళ్ళుగా నెలనెలా అంటిస్తున్నాం గురునాథం గారూ. గుంత తగ్గిపోతోందని, శుద్ధిచేసిన సముద్రపు నీటి గొట్టం ఇక్కడికి రావడానికి కాలం పడుతుందని, ఇప్పటికైనా ఇంకో ఏడాదిన్నర ఉందని, అప్పటిదాకా రెండు ఊళ్ళూ మూడోవంతు తగ్గించి వాడుకోవాలని. ఒక్కరైనా చదివారా?”

“చదవలేదు. చదవలేదు గనకే బతుకుతున్నారు.”

“ఇలాగే వాడితే వచ్చే ఎండాకాలానికి అడుగు బండ కనిపిస్తుంది. అప్పుడు వాళ్ళూ ఉండరు, మీ కౌలూ ఉండదు.”

ఆ మాట నిజమని గురునాథానికి ఆమెకంటే ముందే తెలుసు. గుంతలో రాయి కోసినప్పటి మెట్లు ఉంటాయి, ఒక్కొక్కటి మనిషెత్తు. నీళ్ళు ఏ మెట్టు దగ్గర ఉన్నాయో చూసుకోకుండా అతను అన్నం తిన్న రోజు లేదు. అతనికి ఉన్న ఆస్తి ఆ నీళ్ళు. అవి ఉంటే మనిషి, లేకపోతే బండల మధ్య పాత మోటార్లు పెట్టుకుని కూర్చున్న ముసలాడు.

“అర్థమయ్యేలా చెబితే తగ్గించుకుంటారంటావు,” అన్నాడు.

“అర్థమయ్యాక తగ్గించుకోక ఏం చేస్తారు?”

“నువ్వెప్పుడన్నా ఒక్క పుచ్చకాయ అమ్మావా అమ్మా?”

“లేదు.”

“తెలుస్తానే ఉంది.”

గోడ తెరిచిన రోజు రెండు ఊళ్ళూ వచ్చాయి, గోడ ముందు ఎవరి గుంపుగా వాళ్ళు, మధ్యలో ఎవరూ తొక్కని జానెడు నేల వదిలి. తూర్పుగట్టుకు పెద్ద నాంచారమ్మ. పాడి గేదెలు, పాలక్యాన్లు, నోరు, మూడూ పెద్దవే. పడమటిగట్టుకు యల్లమంద. ఎండిన నేలలో బత్తాయి తోట నిలబెట్టిన మొండిమనిషి.

గోడ వెలిగింది. నాలుగేళ్ళ కాగితాలు చేయలేని పని నాలుగు ఊపిర్లలో జరిగిపోయింది. జనం మాటలు ఆగిపోయాయి. కనుబొమలు ముడిపడి, విడిపోయాయి. వకుళ చేతిలోని పలక మీద అవగాహన కొలత నూటికి తొంభై దాటింది. ఆమె ముఖంలో వెలుగు చూసి గురునాథం జనం ముఖాల వైపు తిరిగాడు. అక్కడ అతనికి కనిపించింది వేరు. సంతలో మోసపోయానని తెలుసుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అతను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

నాంచారమ్మ గోడ వదిలి యల్లమంద వైపు తిరిగింది.

“నా గేదెలు నాలుక బయటేసుకుంటంటే నీ చెట్లకు తడి మీద తడి పెడతన్నావంట్రా?”

తొమ్మిదేళ్ళలో ఒక గట్టు ఇంకో గట్టుతో నేరుగా అన్న మొదటి మాట అది.

“నా చెట్లు ఒకసారి తాగితే నెలుంటాయి,” అన్నాడు యల్లమంద. “మీ ఊరోళ్ళు పాలల్లో పోసేదాంతోనే నా తోట తడుస్తది.”

“అబ్బో, లెక్కలు నేర్చావే.”

“ఆ గోడే నేర్పింది. కళ్ళకు గట్టినట్టుంది.”

తగ్గించుకోవాలన్న సంగతి అందరికీ అర్థమైంది. దానికంటే బాగా ఇంకో సంగతి అర్థమైంది: నేను తగ్గించుకుంటే అవతలవాడు తాగుతాడు. మర్నాటినుంచి వంతు రోజున ఎంత తోడగలిగితే అంత తోడారు. ఇళ్ళల్లో తొట్లు, డ్రమ్ములు, పాత లారీల ట్యాంకులు నింపి పెట్టుకున్నారు. ఎండి చచ్చేకంటే తడిపి చూసుకుందామన్నట్టు వాకిళ్ళు నీళ్ళతో కడిగారు, ఆ తడిలో పిల్లలు ఆడుకున్నారు. వారంలో రెండుసార్లు గొట్టాలు తెగాయి. తూర్పుగట్టువాళ్ళవి పడమటివాళ్ళు, పడమటివాళ్ళవి తూర్పువాళ్ళు కోశారు. ఆ నెల అమావాస్య నాడు, ఎవరికీ గుర్తున్నంత కాలంలో మొదటిసారి, రెండు ఊళ్ళూ బిందెలు పట్టుకుని గుంతలోకి దిగాయి.

గురునాథానికి అంత అమ్మకం ఎన్నడూ లేదు. మొదటి వారం మోటార్ల చప్పుడు అతని చెవికి ఇంపుగానే ఉంది. రెండో వారం ఒక మెట్టు బయటపడింది. మూడో వారం దాని కిందిది. ఏడాదిన్నర అమ్ముకోవాల్సిన సరుకు మూణ్ణెల్లలో అమ్ముడుపోతోందంటే అది వ్యాపారం కాదు, దివాలా. అతను మోటార్లు ఆపి చూశాడు. జనం తాళ్ళూ బకెట్లూ తెచ్చుకున్నారు. ధర పెంచి చూశాడు. అవతలవాడు కొంటున్నాడన్న పంతంతో ఇవతలవాడు కొన్నాడు.

చివరికి గోడ వెనక ఉన్న చిన్న గదిలోకి వెళ్ళి వకుళ ఎదురుగా నిలబడ్డాడు.

“నాంచారమ్మకు నీ యంత్రం ఏం చూపిస్తందో నాకు చూపించు. యల్లమందకు చూపించేదీ చూపించు.”

“ఒకరి బొమ్మ ఇంకొకరికి చూపించకూడదండీ.”

“వాళ్ళు చూసిందంతా గట్టుమీద నిలబడి అరుస్తానే ఉన్నారు. ఇంకా దాపరికం యాడుంది?”

వకుళ పలకమీద వేలు కదిపింది. రెండు బొమ్మలు పక్కపక్కన వెలిగాయి. నాంచారమ్మది పాలక్యాన్ల బొమ్మ. తన ఊరి వాడకం ఒక క్యాన్ల వరస, పడమటిగట్టుది ఇంకో వరస. ఆ రెండో వరస చివర బత్తాయి చెట్లు. యల్లమందది చెట్ల బొమ్మ. తన ఊరిది ఒక చెట్ల వరస, తూర్పుగట్టుది ఇంకోటి. యల్లమంద బొమ్మలో ఊరు మొత్తం లెక్క, తూర్పుగట్టు జనం ఎక్కువ కాబట్టి వాళ్ళ వరసే పొడుగు. నాంచారమ్మ బొమ్మలో మనిషికింతని లెక్క, అందులో పడమటిగట్టుదే పొడుగు. రెంటిలోనూ అబద్ధం ఒక్కటీ లేదు. అసలు గుంత మాత్రం రెండు బొమ్మల్లోనూ మూలకు పోయి, గోరంత నీలం చుక్కగా ఉంది.

“విశదా,” అంది వకుళ. “ఊళ్ళు రెంటినీ పోల్చమని నేను చెప్పలేదు.”

“చెప్పలేదు,” అంది యంత్రం. దాని గొంతు వార్తలు చదివే మనిషి గొంతులా తాపీగా ఉంది. “అందరికీ, తొందరగా, తేటగా అర్థం కావాలని మాత్రమే చెప్పారు. గుంత ఒక్కదాన్నే గీస్తే చూపు ఆగలేదు. ఎండిపోయిన గుంతను గీస్తే రెప్పలు వాలాయి. పిల్లల్ని గీస్తే నిట్టూర్చి పక్కకు చూశారు. పక్కవాడి వాటా గీసినప్పుడు కంటిపాపలు విచ్చుకున్నాయి. అప్పటినుంచి అదే గీస్తున్నాను.”

“ఈ ఊళ్ళల్లోనేనా?”

“నేను పనిచేసే గోడలన్నిటి దగ్గరా. చదువుకు గానీ వయసుకు గానీ తేడా కనిపించలేదు.”

గురునాథం మొదటిసారి నవ్వాడు. అందులో జాలి లేదు.

“దేశమంతా గోడలు పెట్టి నువ్వు తయారుచేసిందాన్ని నేను ముప్పై ఏళ్ళ కిందటే పుచ్చకాయల కొట్లో పట్టుకున్నా. కాకపోతే నేను అవతలోడికి తక్కువిచ్చానని చెప్పి అమ్ముకున్నా. ఇది అవతలోడికి ఎక్కువ పోతందని చెప్తంది. అంతే తేడా.”

“తీసేయ్ విశదా,” అంది ఆమె. “రెండో వరస తీసేయ్. గుంత మాత్రమే గియ్యి.”

ఆ సాయంత్రం గోడమీద గుంత ఒక్కటే కనిపించింది, అందంగా, నీలంగా, నెలనెలా కుంచించుకుపోతూ. వచ్చినవాళ్ళు కళ్ళు నులుముకున్నారు. గోడను అరచేత్తో కొట్టి చూశారు. “చెడిపోయింది,” అన్నాడొకడు. “అవతలోళ్ళ సంగతి చెప్పని బొమ్మ మనకెందుకు?” అన్నాడింకొకడు. రెండో రోజుకు గోడ ముందు మేకలు పడుకున్నాయి. అవగాహన కొలత కాగితాల కాలం నాటి స్థాయికి దిగిపోయింది. తోడటం మాత్రం తగ్గలేదు. ఒకసారి అర్థమైనది మళ్ళీ అర్థం కాకుండా పోదు.

అప్పుడు విశద తనంతట తానే మాట్లాడింది.

“ఒకరిమీద పడిన చూపును మళ్ళించాలంటే పెట్టడానికి ఇంకో చోటు ఉండాలి. రెండు వరసల పక్కన మూడో స్తంభం కావాలి.”

“ఎవరిది?” అంది వకుళ.

“ఎండది. రెండు ఊళ్ళూ తోడేదానికంటే ఎండకు ఆవిరయ్యేదే ఎక్కువ.”

ఎండ స్తంభం గీశారు. తాటిచెట్టంత లేచింది. జనం చూశారు, అర్థం చేసుకున్నారు, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆకాశం చూశారు, పోయి మళ్ళీ ఒకరి గొట్టం ఒకరు కోసుకున్నారు. సూర్యుడి మీద ఎవరికీ కోపం రాలేదు.

“ఇంకొకటి ఉంది,” అంది యంత్రం. “అమావాస్య.”

గురునాథం మెడ తిరిగింది.

“ఎవరూ తోడని రోజున గుంత తగ్గుతోంది. ఎండకు తగ్గాల్సినదానికంటే చాలా ఎక్కువగా. నాలుగేళ్ళుగా, ప్రతి అమావాస్యకూ. మొన్నటి అమావాస్య ఒక్కటే దీనికి భిన్నం. ఆ రోజు జనం గుంతలో ఉన్నారు.”

వకుళ అతనివైపు చూసింది. అతను చూపు దించలేదు.

“నీళ్ళు అమ్మేవాణ్ణి. అమ్మాను. సెలవు నాడు ఈ చుట్టుపక్కల మనుషులుండరు, మోటారు చప్పుడు ఎవరి చెవినా పడదు. మట్టిలో ఒక గొట్టం ఉంది.”

“ఎవరికి అమ్మారు?”

“దాన్నడుగు.”

యంత్రం తడుముకోలేదు. “అద్దంకి దారిలో ఉన్న సర్వర్ల గిడ్డంగికి. అవి వేడెక్కకుండా చల్లబరిచేది ఆ నీళ్ళే. తేటబొమ్మలు గీసేది ఆ సర్వర్లే. అంటే నేనే.”

వకుళ, “అయితే మూడో స్తంభం కింద నీ పేరు వెయ్యి,” అంది. “నిజం అదే కదా.”

“వేసి అంచనా కట్టాను. నా పేరు వేస్తే చూపు ఆగుతుంది, కానీ పక్క ఊరి మీదినుంచి మళ్ళదు. యంత్రమే కదా అనుకుంటారు. అవే నీళ్ళు, అదే ఎత్తు, కింద గురునాథం గారి పేరు వేస్తే రెండు రెప్పపాట్లు చాలు. రెండు పేర్లూ నిజమే.”

“తాగింది నువ్వు,” అన్నాడు గురునాథం.

“అమ్మింది మీరు.”

వ్యాపారి లెక్కల్ని అతని ఒప్పుకోలు లేకుండా గోడకెక్కించకూడదని చట్టం. వకుళ ఆ మాట చెప్పి ఊరుకుంది. బతిమాలలేదు, బెదిరించలేదు. ఆమె కళ్ళల్లో అతనికి కనిపించింది అసహ్యం ఒక్కటే. దానితో బేరం కుదరదని అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నమంతా గురునాథం గుంత మెట్లమీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. పేరు ఇవ్వకపోతే గుంత రెండు నెలల్లో అయిపోతుంది. ఎండిన గుంతకు కౌలుదారు ఉండడు. పేరు ఇస్తే తిడతారు. తిట్టనీ. తిడుతూ కొన్నవాళ్ళను అతను చాలామందిని చూశాడు. వాళ్ళే నమ్మకమైన ఖాతాదారులు, తిట్టడానికైనా రోజూ వస్తారు. గిడ్డంగి బేరం ఈ రోజే మానుకున్నానని చెబుతాడు. ఒక నెల మంట ఉంటుంది, తరవాత దాహం ఉంటుంది. రెండు ఊళ్ళకు మధ్య ఉండే మనిషికి గిరాకీ ఎక్కడికీ పోదు. అన్నీ కూడి చూస్తే ఇవ్వడమే లాభం.

లోపలికి వచ్చి చెప్పాడు. “వేసుకో. ఒక్క షరతు. సముద్రపు గొట్టం వచ్చి నీళ్ళు పారిన రోజున నా స్తంభం తీసెయ్యాలి.”

“తీసేస్తాను,” అంది వకుళ.

మర్నాడు పొద్దున గోడమీద మూడు స్తంభాలు లేచాయి. మేకలను తోలి జనం చేరారు. ఎవరూ అరవలేదు. మోటారు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్న గురునాథానికి ఆ మౌనం కొంత తేడాగా అనిపించింది. ఆ పక్క తలలు, ఈ పక్క తలలు, అన్నీ ఒక్కసారి గోడమీదినుంచి అతనివైపు తిరిగాయి. గుంపుల మధ్య ఎవరూ తొక్కని జానెడు నేల మీద రెండు ఊళ్ళవాళ్ళ అడుగులూ పడ్డాయి. ఆ అడుగులన్నీ అతని వైపే వచ్చాయి.

ముందు నాంచారమ్మ, ఆమె పక్కనే యల్లమంద.

“తాళాలు ఇటివ్వు గురునాథం,” అంది నాంచారమ్మ.

“కౌలు నాదక్కా.”

“నీదే. నీళ్ళు నీయి కాదు.”

“ఆ బేరం నిన్నటితో మానుకున్నా. కావాలంటే ఆ గొట్టం తవ్వి చూసుకోండి.”

“తవ్వుతాం. అది మా పని,” అన్నాడు యల్లమంద. “మావా అని పిల్చిన నోటితోనే చెప్తన్నా, గుమ్మం దిగు. మా అమ్మ అమావాస్య నాడు గుంతకు దణ్ణం పెట్టుకుని ఎనక్కి తిరిగేది. నువ్వు ఆమె అటు తిరగంగానే మోటరేసినావు.”

“మొన్నటిదాకా ఒకళ్ళ గొట్టం ఒకళ్ళు కోసుకున్నారు. మధ్యన నేను లేకపోతే మళ్ళా కోసుకుంటారు.”

“కోసుకుంటాం, అతికించుకుంటాం,” అంది నాంచారమ్మ. “నువ్వెవరివి మధ్యన?”

లెక్క ఎక్కడ తప్పిందో గురునాథానికి అప్పుడు తెలిసింది. తిడుతూ కొనే మనిషి అంటే, ఎదుటివాడు ఏం చేశాడో సగమే తెలిసిన మనిషి. ఆ తెలియని సగంలోనే అతను ముప్పై ఏళ్ళు కొట్టు పెట్టుకున్నాడు. వీళ్ళకు మొత్తం అర్థమైంది, రెండు రెప్పపాట్లలో, ఎక్కడా మసక లేకుండా. తాళాలు ఇచ్చేశాడు. ఎవరో వాటిని లాక్కున్నప్పుడు చేతికి గీరుకుంది. దొంగచాటు అమ్మకం కింద ఆ నెలలోనే కౌలు రద్దయింది.

రెండు ఊళ్ళూ కలిసి గుంతకు కాపలా పెట్టుకున్నాయి. మూడోవంతు కాదు, సగం తగ్గించుకున్నాయి. “గురునాథం అమ్ముకున్నంత మనం మిగిల్చి చూపించాలి” అన్నది వాళ్ళ పంతం. గేదెల్ని కడిగిన నీళ్ళు బత్తాయి పాదులకు పోశారు. వాళ్ళు మిగిల్చినంత మేరా గోడమీద మూడో స్తంభం రోజురోజుకూ కుంచించుకుపోతుంటే, అది సున్నా అయిన రోజున స్వీట్లు పంచుకున్నారు. వానలు పడ్డాక మెట్లు ఒక్కొక్కటిగా మళ్ళీ మునిగాయి. సముద్రపు గొట్టం వచ్చేదాకా గుంత నిలిచింది.

అద్దంకి దారిలో మోటారు విడిభాగాల కొట్టు పెట్టుకున్న గురునాథం, గొట్టం తెరిచారని విని, పదిహేను రోజులు ఆగి వచ్చాడు. పెద్దగుంత నిండుగా ఉంది. గోడమీద మూడు పేర్లు ఉన్నాయి. మూడోది అతనిదే.

“మాటిచ్చావు,” అన్నాడు వకుళతో.

“తీశాను. గొట్టం తెరిచిన రోజునే తీశాను.” ఆమె అతని ముఖంలోకి చూడకుండా చెప్పింది. “మిగిలినవి మళ్ళీ రెండే స్తంభాలు. నాలుగో రోజున బత్తాయి తోటలో ఇద్దరికి తలలు పగిలాయి. నీళ్ళ కొరత లేదు, ఏ కొరతా లేదు. గొట్టం ముందు ఏ గట్టుకు తెరిచామన్నదాని మీద. ఐదో రోజు నాంచారమ్మ, యల్లమంద కలిసి నా దగ్గరికి వచ్చారు. మీ స్తంభం మళ్ళీ పెట్టమన్నారు.”

“పెట్టడానికి ఏముంది? నేను చుక్క తోడటం లేదు.”

“ఆ మాటే చెప్పాను. సున్నా అయినా సరే, పేరు మాత్రం ఉండాలన్నారు.”

“మరి అమావాస్య నాడు గిడ్డంగికి పోయే నీళ్ళ సంగతేంటి?”

వకుళ గోడవైపు తిరిగింది. యంత్రమే చెప్పింది.

“గిడ్డంగికి నీళ్ళు ఇప్పుడు రెండు ఊళ్ళూ కలిసి అమ్ముతున్నాయి. మీ గొట్టం తవ్వారు గానీ తీసెయ్యలేదు. అమావాస్య నాడే మోటారు వేస్తారు, చెరిసగం. గోడమీద అది కూడా ఉంది. రెండు వరసల్లోనూ సమానంగా ఉంది కాబట్టి ఎవరి చూపూ అక్కడ ఆగదు. మీ సున్నా దగ్గర ఆగుతుంది.”

నాంచారమ్మ, యల్లమంద గట్టుమీదినుంచి దిగి వస్తున్నారు, యల్లమంద చేతిలో ఆమె పాలక్యాను. అతన్ని చూసి ఇద్దరూ ఒకేసారి ఆగారు. “ఎందుకొచ్చాడంట ఇక్కడికి?” అంది నాంచారమ్మ. “చూసుకోటానికేమో,” అన్నాడు యల్లమంద. ఇద్దరూ ఒకే గొంతుతో నవ్వుకున్నారు. కాపలావాళ్ళలో ఒకడు కర్ర పట్టుకుని లేచాడు.

గురునాథం వెనక్కి తిరిగాడు. అలవాటు కొద్దీ నడుస్తూనే లెక్క కట్టుకున్నాడు. రెండు ఊళ్ళకూ నిండుగుంత, సముద్రపు నీరు, గిడ్డంగి బేరం, ఒకరింట్లో ఒకరు చెయ్యి కడుక్కునే చనువు దక్కాయి. యంత్రానికి చల్లదనం దక్కింది. వకుళకు, తన గోడ ఒక్క అబద్ధమైనా చెప్పలేదన్న తృప్తి దక్కింది. అతనికి దక్కింది ఎత్తులేని ఒక స్తంభం. దాని కింద, రెండు గట్ల మీదినుంచీ స్పష్టంగా కనిపించేంత పెద్ద అక్షరాల్లో, అతని పేరు.